సున్నం కొట్టిన స్తంభం

తిరుపతి, 12-6-97

అమ్మా రేవతీ, నేను క్షేమం. పని పోయిందని మొన్న కార్డు రాసి మిమ్మల్ని భయపెట్టాను. పోలేదు.

నేను కాపలా ఉండే కాలేజీకి పూత లేదు, అంతా వట్టి కాంక్రీటు. దాన్ని ఫొటోలు తీయడానికి నందిని అనే చిత్తూరు అమ్మాయి వస్తుందన్నారు. వచ్చేవాళ్లకు మర్యాదగా ఉంటుందని వాకిట్లో స్తంభానికి సున్నం కొట్టి, ఎర్రమన్ను పట్టెలు దిద్దాను. ఆమె వచ్చిందే ఆ బోడి కాంక్రీటు కోసమట. స్తంభం పాడు చేశానని కాలేజీ ఆఫీసరు నన్ను రేపట్నుంచి రావద్దన్నాడు.

తెల్లారి గొడుగు తెచ్చుకుందామని పోతే, ఆ పిల్ల చీపురు పట్టి స్తంభం కడుగుతోంది. నేనూ చేయి వేశాను. సగం కడిగాక, "సాలు తాతా, ఇట్లే బాగుండాది. పక్కన నిలబడు" అని ఫొటో తీసింది. ఆఫీసరుతో, "నాకు ఇంత మర్యాద యాడా జరగలేదు సార్. తాతను పంపొద్దండి" అంది. ఆయన నవ్వి, "సరే పెద్దాయనా, ఇంగ సున్నం జోలికి పోవాకు" అన్నాడు.

ఫొటో మనింటికే పంపుతుంది, నలగకుండా దాచు. ఆవు ఈనిందా? దేవకమ్మత్త మోకాలు ఎట్లుంది? పిల్లలకు నా దీవెనలు.

నందిని పేరు చెప్పి గంగమ్మకు ఒక టెంకాయ కొట్టమ్మా.

మీ నాయన,
చెంగల్రాయుడు