ఒక్క పూట రోగి

12-9-2000

ప్రియమైన సువార్తకు,

దేవుని కాపుదల ఎప్పుడూ నీ మీద ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ నేను, ఆశాజ్యోతి, మీ అమ్మగారు క్షేమం. ఆ కువైట్ ఎండల్లో, ఆ పరాయి వంటింట్లో నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో. రెండుసార్లు రాసి చింపేశాను.

నువ్వు అడిగినవన్నీ వరసగా చెబుతాను. ఆశ పాలకొల్లు కాలేజీకి రోజూ బస్సులోనే వెళ్తోంది. ఇంటర్ రెండో సంవత్సరం కష్టంగా ఉందంటుంది గానీ మార్కులు బాగానే వస్తున్నాయి. నీ ఆకుపచ్చ చీర కట్టుకుని మొన్న ఆదివారం గుడికి వస్తే, పాస్టరు గారి భార్య వెనకనుంచి చూసి నువ్వే వచ్చేశావనుకుంది. వంటింటి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాను. మీ అమ్మగారికి చూపు మందగించింది గానీ నా టీలో పంచదార ఎక్కువైతే మాత్రం బాగానే కనిపెడుతుంది.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. అక్కడ నీతోపాటు పనిచేసే పాపాయికి ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన పచ్చడి సీసాకు చుట్టిన పేపర్లో నా ఫోటో ఉందనీ, నేను ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉన్నాననీ, అది చూసి నువ్వు అన్నం కూడా తినలేదనీ రాశావు. మొగుడి ఫోటో పేపర్లో పడితే సంతోషించాలి గానీ ఏడుస్తారా ఎవరైనా? అది ఉత్తుత్తి ఫోటో సువార్తా. ఎలా జరిగిందో చెబుతాను, విని నవ్వుకో.

మన ఊరి గవర్నమెంటు ఆసుపత్రి నీకు తెలుసు కదా. నువ్వు వెళ్ళేటప్పటికి రెండు గదులు, కారే వరండా. ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేవు. బయటి దేశం వాళ్ళు అప్పిచ్చారట, వైద్యంలో సంస్కరణలు తెమ్మన్నారట. కొత్త వార్డు, టైల్సు, ముందు పెద్ద ఆర్చి, చుట్టూ ప్రహరీ వచ్చాయి. జనరేటరు కూడా వచ్చింది, డీజిలు రాలేదు. బోర్డులన్నీ రాసింది నేనే. ఉచితంగా ఇచ్చే మందుల పేర్లు గేటు పక్కన నల్లబోర్డు మీద తెల్లరంగుతో ముత్యాల్లా రాశాను. లోపల కిటికీ దగ్గర అడిగితే ఎదురుగా ఉన్న మందులషాపు వైపు చెయ్యి చూపిస్తారు. ఇదివరకు ఊరికే ఇచ్చే ఓపీ చీటీకి కూడా ఇప్పుడు డబ్బు కట్టాలి. ఆ బోర్డూ నేనే రాశాను.

ఆసుపత్రి కమిటీకి మన రైసుమిల్లు అప్పాజీ గారే పెద్ద. ప్రహరీ కట్టించిందీ, నాకు పని ఇప్పించిందీ ఆయనే. చెడ్డమనిషి కాడు, నీకు తెలుసు. "చీటీకి డబ్బెందుకండీ, కూలీ జనం కదా వచ్చేది" అని అడిగాను. "ఊరికే ఇస్తే జనానికి విలువ తెలీదు ఏసుపాదం. ఇదంతా పైనుంచి వచ్చిన ఆలోచన" అన్నారు. పైవాళ్ళకు మన విలువ ఎలా తెలుస్తుందో అడుగుదామనుకున్నాను గానీ, నాకు రావలసిన కూలి ఆయన దగ్గరే ఉంది, ఊరుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ ఆసుపత్రి గోడల మీద ఒక నాయకుడి పేరు చెరిపి ఇంకొకరి పేరు రాస్తూ వచ్చాను. గోడలకు పెట్టిన ఖర్చులో కాస్తయినా లోపలికి వెళ్ళి ఉంటే బాగుండేది.

కొత్త వార్డు ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారన్నారు. ముందురోజు నేను కిటికీలకు ఆఖరి పూత వేస్తుంటే పెద్ద డాక్టరు గారు కంగారుగా వచ్చారు. దగ్గేవాళ్ళనీ, పుళ్ళు పడ్డవాళ్ళనీ వెనక వంటషెడ్డులోకి పంపేశారు, వార్డు వాసన రాకూడదని. దాంతో మంచాలు ఖాళీ అయిపోయాయి.

"ఏసుపాదం, నువ్వు చూడ్డానికి నీటుగా ఉంటావు. రేపు ఆ కిటికీ పక్క మంచం మీద పడుకో" అన్నారు.

"నాకు జబ్బేం లేదు కదండీ."

"అందుకేనయ్యా నిన్ను పడుకోమంటున్నది."

పక్క మంచానికి గేటు దగ్గర ఇడ్లీలమ్మే బుల్లెమ్మ కుదిరింది. ఇద్దరికీ కొత్త దుప్పట్లు, చెరో బత్తాయిపండు. స్కానింగు మిషన్ కూడా పొద్దున్నే వేరే ఊరి ఆసుపత్రి నుంచి వ్యానులో వచ్చింది. మనకు మంజూరైంది ఇంకా రాలేదట, ప్రారంభం ఆగకూడదు కాబట్టి దాన్ని అరువు తెచ్చారు. దానితోపాటు ఉదయభాస్కర్ అని కుర్ర డాక్టరు వచ్చాడు. మిషనూ అరువే, డాక్టరూ అరువే, రోగులమూ అరువే.

మంత్రిగారు బుల్లెమ్మ దగ్గర ఆగి, "ఏమ్మా, మందులు ఇస్తున్నారా?" అన్నారు.

"ఇస్తున్నారండీ బాబూ. మోసుకెళ్ళలేక చస్తున్నామండీ" అంది. పెద్ద డాక్టరు గారి మొహం చూడాలి నువ్వు.

తర్వాత నా దగ్గరికి వచ్చి "ఏంటయ్యా నీ బాధ?" అన్నారు. నాకు చెప్పి ఉంచిన జబ్బు పేరు మరిచిపోయాను. "కిడ్నీలో రాయి ఉందండి. స్కానింగు చేస్తున్నామండి" అని పెద్ద డాక్టరు గారే అందుకున్నారు. కుర్ర డాక్టరు నా పొట్టకు చల్లటి జిగురేదో రాసి మిషన్ ఆనించాడు. ఫోటోవాళ్ళు నవ్వమంటే నవ్వాను. నువ్వు చూసింది అదే. అందులో నా నవ్వు అబద్ధం కాదు, బుల్లెమ్మ మాటకి వచ్చిన నవ్వు ఇంకా పోలేదు.

ఇక్కడిదాకా రాసి మొదటి ఉత్తరం ముగించాను. "కాబట్టి దిగులు పడకు" అని కూడా రాశాను. తర్వాత చింపేశాను. రెండోదీ అంతే. ఈసారి ఆపకుండా రాస్తాను, నువ్వు కూర్చుని చదువు.

ఫోటోలు తీశాక అందరూ ముందుకు కదిలారు. ఉదయభాస్కర్ మాత్రం మిషన్ తీయలేదు. కుడిపక్కకే మళ్ళీ మళ్ళీ ఆనించి చూస్తున్నాడు. అంతవరకు మొహమాటంగా నవ్వుతున్న కుర్రాడు నవ్వు మానేశాడు. "మీకిక్కడ నొప్పి ఏమన్నా ఉందాండీ?" అన్నాడు.

"నేను రోగిని కాదు బాబూ, పెయింటర్ని. ఇదంతా ఈ పూటకే."

"తెలుసండీ. నొప్పి ఉందా అని అడుగుతున్నాను."

ఉంది సువార్తా. వేసవి నుంచీ ఉంది. నిచ్చెనలెక్కి దిగడం వల్లేమో అనుకున్నాను. ఒకటి రెండుసార్లు మూత్రం ఎర్రగా కూడా వచ్చింది. నీకు రాయలేదు, ఆశకు చెప్పలేదు. పోయినసారి పంపిన ఫోటోలో చిక్కిపోయానని నువ్వు రాస్తే, మీ అమ్మగారి వంట అలా ఉందని రాశాను. ఆవిడ్ని అన్యాయంగా ఆడిపోసుకున్నాను.

కుడి కిడ్నీ మీద గడ్డ ఉందని ఆ డాక్టరు చెప్పాడు. మామూలుదో కాదో అక్కడ తేలదట, ఇంకోసారి సరిగ్గా చూస్తానన్నాడు. అప్పటికే వ్యాను వాళ్ళు వచ్చి తీగలు చుట్టేస్తున్నారు, మిషన్ సాయంత్రానికి వాళ్ళ ఊరు చేరాలట. "ఐదు నిమిషాలు ఆగండి, పేషెంటు ఉన్నాడు" అన్నాడు పాపం. "పేషెంటెవరండీ, ఆయన పెయింటరు కదా" అన్నారు వాళ్ళు. పోతూ పోతూ ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని, "కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళండి. ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

తర్వాత మన ఆసుపత్రికే వెళ్ళి, కాకినాడకు రాసిమ్మని పెద్ద డాక్టరు గారిని అడిగాను. ఆయన తలుపు దగ్గరికి వేసి నెమ్మదిగా చెప్పారు. "ఇక్కడ మిషన్ ఉందని మంత్రిగారి చేత ప్రారంభం చేయించాం. ఇప్పుడు స్కానింగుకు నిన్ను బయటికి పంపితే, ఉన్న మిషన్ ఏమైందని నన్నడుగుతారు. పైగా నీకు చేసినట్టు ఫోటో కూడా పడింది. కొన్నాళ్ళు ఆగు, మనది వచ్చేస్తుంది." ఆయన మీద కోపం రాలేదు, ఆయన మొహంలోనూ భయమే కనిపించింది. కోపమంతా తర్వాత ఇంటికొచ్చి నూతి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక బకెట్టు తన్నాను.

చీటీ లేకపోయినా కాకినాడలో చూస్తారని బుల్లెమ్మ చెప్పింది. అయినా నేను వెళ్ళలేదు. ఇదీ నేను దాచిన సంగతి. బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అది ఎలాంటి గడ్డో అక్కడి డాక్టర్లు తేల్చి చెప్పేటప్పుడు పక్కన నువ్వు లేకుండా వినడానికి నాకు ధైర్యం చాలలేదు.

నిన్నటితో ఒక పని పూర్తయింది. ఆ పేపరు ఫోటోనే పెద్దగా చేసి ప్రహరీ మీద వెయ్యమన్నారు, సంస్కరణల వల్ల మన ఊరికి అందిన వైద్యం అందరికీ కనపడాలని. మంచం, మిషన్, దుప్పటి బాగా కుదిరాయి. డాక్టరు మొహం మాత్రం నేను ఆ రోజు చూసినట్టే వచ్చేసింది, మిషన్ వైపు చూస్తూ నోరు బిగించుకుని. అప్పాజీ గారు చూసి, "ఇదేంటి, చావు కబురు చెప్పేవాడిలా ఉన్నాడు. నవ్వుతున్నట్టు వెయ్యి" అన్నారు. ఆయనకేం తెలుసు? చెరిపి నవ్వు వేశాను. నా బొమ్మకు బుగ్గలు కూడా నిండుగా వేశాను. బుల్లెమ్మ ఇడ్లీల గిన్నె దించి చూసి, "ఇదెవర్రా, మీ తమ్ముడా?" అంది. నాకు తమ్ముడు లేడని ఆవిడకూ తెలుసు. తర్వాత నా మొహం చూసి తల దించుకుంది. అప్పుడనిపించింది, గోడ మీద ఏం రాసినా నీకు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలని.

ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమని మీ మేడం అడుగుతోందనీ, పెట్టనా వద్దా అనీ రాశావు. ఇది చదివాక ఆపరేషనుకు డబ్బు కావాలని వెంటనే పెట్టేస్తావు, నాకు తెలుసు. వద్దు సువార్తా. పెట్టకు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం. నాకు భయంగా ఉంది. నువ్వు కావాలి. వచ్చే సోమవారం ఆశను తోడు తీసుకుని కాకినాడ వెళ్తాను, ఈ రోజు దానికి చెబుతాను. పైన క్షేమమని రాశాను కదా, మీ అమ్మగారికీ ఆశకూ అది నిజమే. ఆ మాటలో నా పేరు మీద మాత్రం సున్నం కొట్టెయ్యి.

అప్పాజీ గారు ఇప్పించిన రంగు పల్చటిది. వచ్చే వానాకాలానికి ఆ గోడ మీద నా బొమ్మ ఉండదు. ఆలోగా వచ్చెయ్యి.

ఇట్లు,
నీ కోసం ఎదురుచూస్తూ,
ఆశాజ్యోతి నాన్న,
ఏసుపాదం