మీ కొండమీద వాన

చెల్లీ,

మొన్న ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే, అమ్మ "అల్లుడెలా ఉన్నాడే?" అనగానే నీ లైను తెగిపోయింది. వానకి శాటిలైట్ సిగ్నల్ పోయిందని తర్వాత మెసేజ్ పెట్టావు.

నిజమే, పెద్ద వాన సిగ్నల్‌ని మింగేస్తుంది. కిందటి నెల అలా తెగినప్పుడు మా వాతావరణ కేంద్రం రాడార్ తెరమీద మీ కొండంతా ఎర్రగా ఉంది. ఆ వానను లెక్కకట్టింది నేనే.

మొన్న కూడా నేను డ్యూటీలోనే ఉన్నాను. తెర నా ఎదురుగానే ఉంది. మీ వైపు చినుకు కూడా లేదు.

అమ్మ కంగారుపడితే "అక్కడ కుండపోతమ్మా" అన్నాను. లేని వానను ఉందనడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

ఏం జరుగుతోందో నాకైనా రాయవే. రాయలేకపోతే వచ్చెయ్.

మీ అక్క