చిటికెన వేలి పక్క దెబ్బ

అన్నా,

ఈ ఉదయం మన పెరటి మెట్టు మీద సున్నం తొక్కిన కాలి గుర్తు ఒకటి తెల్లగా పడి ఉంది. అది సామ్యేలుది. నువ్వు చనిపోయాక మదనపల్లె ఫుట్‌బాల్ జట్టులో నీ చోట అతనే ఆడుతున్నాడు. నీలాగే బంతికి తడి సున్నం పూసి, బూటు లేని వట్టి కాలితో తన్ని, పాదంలో ఎక్కడ అంటిందో చూసుకుంటున్నాడు. శనివారం కుప్పం వాళ్లతో ఆట.

"మీ అన్న కొడితే బాలు గాల్లో వంగిపోతాండె. కాల్లో యాడ తగిలేట్టు కొడతాండెనో సెప్పు టీచరమ్మా," అన్నాడు.

"దాన్ని అడిగితే ఏమొస్తాది అప్పా? వాడు కొట్టేటప్పుడు గోల్‌లో నిలబడి కండ్లు మూసుకుంటాండె," అని నాన్న నవ్వారు.

పాదం లోపలి వైపుతో కొడితే గురి కుదురుతుందని, పైభాగంతో కొడితే వేగం వస్తుందని చెప్పాను. నువ్వు నాకొక్కదానికే చూపించిన, బంతిని గాల్లో వంచే కాలి చిటికెన వేలి పక్క దెబ్బ గురించి మాత్రం తెలియదన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకే అర్థం కావడం లేదు. అతను గెలవాలనే ఉంది. చెబితే నీది ఏదో పోతుందనిపిస్తుంది. చెప్పకపోతే అతన్ని మోసం చేస్తున్నాననిపిస్తుంది.

వచ్చే నెల చర్చిలో అతనితో నా పెళ్లి.