పదిహేడో తేదీ పేజీ

కోసిగి,
11-2-2009.

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, కర్నూలు.

అయ్యా,

విషయం: ఉపాధ్యాయ ఉద్యోగమునకు ఎంపికైన కె. సుంకమ్మ, కోసిగి, సర్టిఫికెట్ల పరిశీలనకు సకాలములో హాజరు కాకపోవుటకు నా ఇంటర్నెట్ సెంటరే కారణమగుట గురించి.

కోసిగి బస్టాండు వెనుక ఇంటర్నెట్ సెంటరు నడుపుకొను షేక్ అల్లా బాషా అను నేను చేసుకొను మనవి ఏమనగా:

1. నా సెంటరులో ఐదు కంప్యూటర్లు ఉన్నవి. టెలిఫోను లైను ఒక్కటే. కనుక ఒకదానిని సర్వరుగా పెట్టి, మిగతా నాలుగూ దాని ద్వారానే బయటికి పోవునట్లు ప్రాక్సీ అను ప్రోగ్రాము వేసితిని. వచ్చినవారు ఏ పేజీ కోరినా ఆ నాలుగు కంప్యూటర్లు సర్వరునే అడుగును. సర్వరు బయటినుండి తెచ్చి ఇచ్చును.

2. లైను శానా నిదానము. ఒక పేజీ వచ్చేలోపు జనం పోయి టీ తాగి వచ్చేవారు. అందుకని ఒకసారి తెచ్చిన పేజీని పదిహేను రోజులు దాచిపెట్టుకొని, మళ్లీ ఎవరు అడిగినా అదే ఇమ్మని సర్వరుకు చెప్పితిని. ఆ రోజు నుండి పేజీలు టక్కున రాసాగినవి. "బాషా కాడ శానా స్పీడప్పా" అని ఒకరికొకరు చెప్పుకొని వచ్చినారు. నేను మురిసిపోయితిని. ఈ తెలివి నాదే, ఎవరూ నేర్పలేదు.

3. జనవరి 17న సుంకమ్మ మూడో నెంబరు కంప్యూటరులో తమ వెబ్‌సైటు చూసి, 28న పరిశీలన అని నోటుబుక్కులో రాసుకొన్నది. 19న తమ కార్యాలయము ఆ తేదీని 24కు మార్చి అదే పేజీలో పెట్టినది. అభ్యర్థులు వెబ్‌సైటు చూసుకొనుచుండవలెనని ప్రకటనలో ఉన్నందున ఆమె 20, 22, 23 తేదీలలో మళ్లీ వచ్చి చూసినది. మూడుసార్లూ నా సర్వరు ఆమెకు పదిహేడో తేదీ పేజీనే ఇచ్చినది. తమ కార్యాలయము తప్పేమీ లేదు.

4. 28న ఆమె కర్నూలు పోయినది. అక్కడి గుమాస్తా గారు తమ కంప్యూటరులో 24 అని చూపించి, అయిపోయినదమ్మా అన్నారు. మరునాడు ఆమె నా సెంటరు ముందు నుంచి పోతూ నిలబడి, "నేనే తేదీ సరిగ్గా సూసుకోలేదన్నా. కండ్లు యాడ పెట్టుకోని సూసినానో ఏమో" అన్నది. అయ్యో అంటిని.

5. ఆమె పోయిన తరువాత మూడో నెంబరులో ఆ పేజీ తెరచితిని. 28 అని ఉన్నది. సర్వరులో ప్రాక్సీ లేకుండా నేరుగా తెరచితిని. 24 అని ఉన్నది. ఒకాయన వచ్చి రైలు టికెట్టు తీయమన్నాడు, తీసి ఇచ్చాను. ఇంటికి పోయి అన్నం తిన్నాను. ఏడుపు రాలేదు, భయమూ కాలేదు. పదమూడు రోజులుగా అంతే. సెంటరు తెరుస్తున్నాను, మూస్తున్నాను. ఆమెకు చెప్పలేదు. చెప్పాలని రెండుసార్లు వాళ్ల వీధి దాకా పోయి తిరిగి వచ్చాను.

6. సాక్ష్యము గురించి. ఏ కంప్యూటరు ఎప్పుడు ఏ పేజీ అడిగినదో, దానిని బయటినుండి తెచ్చినదో దాచిన దానిలోనుండి ఇచ్చినదో సర్వరు తానే రాసుకొనును. ఆ కాగితములు, ఆమె సంతకములున్న నా రిజిస్టరు నకలు జతపరచితిని.

ఉద్యోగ ఉత్తర్వులు ఈ నెల 16న ఇస్తారని తెలిసినది. ఆ లోపు ఆమె సర్టిఫికెట్లను ఒక్కసారి చూడవలెను. ఐదు సంవత్సరములు మిరపకాయల కోతకు గుంటూరు పోయి వస్తూ చదువుకొన్న మనిషి. శిక్ష వేయాల్సి వస్తే నాకు వేయండి సార్. సెంటరు మూయమంటే మూస్తాను. ఆమె కాగితాలు మాత్రం చూడండి. పైన రాసినదంతా నిజమని, తప్పు నాదేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
షేక్ అల్లా బాషా

తా.క. 12-2-2009.

నిన్న ఈ అర్జీ ఇవ్వబోతే అభ్యర్థి సంతకం కూడా ఉండాలని తమ కార్యాలయంలో చెప్పినందున ఈరోజు సుంకమ్మ ఇంటికి పోయాను. మూటలు కట్టి ఉన్నాయి. రేపు గుంటూరు లారీ ఎక్కుతారట.

అర్జీ మొత్తం చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మూడో పేరా మళ్లీ చదవమన్నది, చదివాను.

"అంటే నేను సరిగ్గానే సూసినానా అన్నా?" అని అడిగింది.

"సరిగ్గానే సూసినావమ్మా" అన్నాను.

పదిహేను రోజులుగా ఆ ఇంట్లో అత్తా మిగతావాళ్లూ, టీచరమ్మ అయితాదంట, తేదీ సదువుకునేది రాదు అంటున్నారట. అంటుంటే అంటుంటే ఆమె కూడా నమ్మిందట.

సంతకం పెట్టమంటే వెంటనే పెట్టలేదు. లోపలికి పోయి అత్తను చేయి పట్టుకొని తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టింది. "మళ్లా సదువన్నా. గట్టిగా సదువు" అన్నది. నేను చదవబోయాను సార్. కాగితం నా చేతిలోంచి తీసుకొని ఆమే చదివింది.