అటక ఎత్తు చెప్పిన మనిషి

బుధవారం, తిరువూరు

ప్రభువా, నీకు స్తోత్రం! తాపీ పట్టిన నా పేరు పెద్ద ఆర్కిటెక్టు సారు కాగితం మీద ఉందంట! కృష్ణ మధ్యలో లంకల్లో ఇళ్లకి ఆ సారు అప్పట్లో గీసిన ప్లాన్లన్నీ మా అమ్మాయి సునీత వాళ్ల ఆఫీసులో భద్రం చేస్తున్నారు. పొద్దున ఫోన్లో చదివి వినిపించింది: "అటక ఎత్తు, మేస్త్రి యేసుదాసు చెప్పినట్టు." వరదొస్తే ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చునే అటక అది.

"ఈ ప్లాన్లతో మా ఆఫీసు పెట్టే ఎగ్జిబిషన్‌లో బోర్డు మీద నీ పేరు వేయిస్తున్నా నాన్నా, కొత్త చొక్కా కుట్టించుకో" అంది. వీధంతా తిరిగి చెప్పాను. టీ కొట్టాయనకి రెండుసార్లు చెప్పానంట!

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ ఎత్తు చెప్పింది నేను కాదు. ఆ అటక కట్టించుకున్న ఇంటావిడ బల్లెక్కి, పాత గోడ మీద చెయ్యి పెట్టి, "నీళ్లు ఇక్కడికొచ్చాయి మేస్త్రీ, దీనికి పైన కట్టు" అంది. నేను కొలిచి సారుకి చెప్పానంతే.

సాయంత్రం సునీతకి ఉన్నదంతా చెప్పేశాను. కోప్పడుతుందేమో అనుకున్నా. "అయితే ఆవిడ పేరే వేయిద్దాం. ఏం పేరు నాన్నా?" అంది. నా బంగారు తల్లి!

ఆ పేరే నాకు తెలీదు. మేమంతా బుజ్జిగాడి అమ్మా అనే పిలిచాం. మూడు నెలలు ఆవిడ చేతి చేపల పులుసు తిన్నాను, ఒక్కరోజూ పేరు అడగలేదు. బుజ్జిగాడి అసలు పేరైనా తెలిస్తేగా...

"ఎలాగైనా కనుక్కో, అప్పటిదాకా బోర్డు రాయించను" అంది.

రేపు మొదటి బస్సుకే ఆ లంకకి బయల్దేరతాను. వెళ్లి, ఎవరి ఇల్లని అడగాలి?