చోఫెల్‌ను పిలిచే పని

బైలకుప్పె టిబెటన్ సెటిల్‌మెంటు, మూడో క్యాంపు నివాసి, దివంగత గొన్పో కుమార్తె, అరవై తొమ్మిదేళ్ళ యూడోన్ అనే నేను ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఇది. సోమవారం మైసూరులో నాకు గుండె ఆపరేషను. గుండె తప్ప మిగతావన్నీ బాగానే పనిచేస్తున్నాయి, బుర్రతో సహా. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఒత్తిడి చేసేది నేనేనని క్యాంపంతా చెబుతుంది. ఇంతకుముందు రాసిన రెండింటినీ నేనే చించేశాను. ఇదే చివరిది. దీన్నయినా ఉంచగలనేమో చూడాలి.

1. నేనుంటున్న ఇల్లు సెటిల్‌మెంటుది, అందులో ఉండే హక్కు మాత్రమే నాది. ఆఫీసు అనుమతితో ఆ హక్కు నా తమ్ముడు చోఫెల్ కూతురు నోర్జోమ్‌కు చెందాలి. తన తల్లిని అక్కడే ఉంచుకోవాలని నోర్జోమ్‌కు వేరే చెప్పనక్కర్లేదు. పడమటి గోడ కారుతోంది. అయిదేళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ వినలేదు.

2. మొక్కజొన్న చేను సాగుచేసుకునే హక్కు క్యాంపు పెద్ద పల్జోర్‌కు. అతని ఆవు ఇప్పటికే అందులో సగం అనుభవిస్తోంది, మిగతా సగం కూడా ఇస్తున్నాను. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే.

3. నా చేతి మైకు కూడా పల్జోర్‌కే. "అక్కా, నీకు మైకెందుకు, ఊరికే బ్యాటరీలు దండగ" అని ప్రతి బుధవారం అనేవాడు. ఇప్పుడు తనే పట్టుకోవాలి. అట్ట మీద అంటించిన చోఫెల్ ఫోటోను తలకిందులుగా పట్టుకోకుండా చూసుకోవాలి. రెండుసార్లు అలాగే పట్టుకున్నాడు.

4. అసలు విషయం ఇది. దీనికోసమే మిగతావన్నీ రాశాను.

చోఫెల్ టిబెట్‌లో మా ఊళ్ళో పశువుల కాపరుల పిల్లలకు చలికాలంలో మన అక్షరాలు నేర్పేవాడు. దేశాన్ని చీలుస్తున్నాడని అక్కడి ప్రభుత్వంవాళ్ళు పట్టుకెళ్ళి పదిహేనేళ్ళు శిక్ష వేశారు. ఆ గడువు రెండేళ్ళ క్రితం ముగిసింది. అతను ఇంటికి రాలేదు. ఉన్నాడనీ చెప్పరు, లేడనీ చెప్పరు. అందుకే ప్రతి బుధవారం బస్టాపు దగ్గర నిలబడి అతని పేరు పిలుస్తున్నాను. విన్నవాళ్ళు సంతకం పెడతారు, ఆ కాగితాలు ఢిల్లీకీ జెనీవాకూ పంపుతాం.

పోయిన చలికాలం స్వెట్టర్లు అమ్మడానికి నేనూ, చోఫెల్ భార్య యాంగ్‌కీ గుంటూరు వెళ్ళాం. అక్కడా దుకాణం పక్కన ఫోటో పెట్టాను. ఒక రోజు మేం అన్నం తిని వచ్చేసరికి పక్కనున్న టీ బండి అతను చోఫెల్ ఫోటోకు బంతిపూల దండ వేసి, అగరొత్తి వెలిగించాడు. పాపం, మంచి మనసుతోనే చేశాడు. "మీ వారా అమ్మా? ఎప్పుడు పోయారు?" అని యాంగ్‌కీని అడిగాడు. నేను దండ తెంపి రోడ్డు మీద పారేశాను. యాంగ్‌కీ ఆ పూలన్నీ ఏరి సంచిలో వేసుకుంది.

అప్పటినుంచి ఆమె బుధవారాలు రావడం లేదు. "పోయినవాళ్ళ పేరు పిలవకూడదు వదినా. వారం వారం పిలిచి అతన్ని తర్వాతి జన్మకు వెళ్ళే దారి మధ్యలో నిలబెడుతున్నావు. పోయినవాళ్ళకు చేయించే నలభై తొమ్మిది రోజుల ప్రార్థనలు చేయించి వదిలేద్దాం" అంది. ఉన్నాడు కాబట్టే పిలుస్తున్నానన్నాను. "ఏం చూసి ఉన్నాడంటావు?" అంది. ఏమీ చూడలేదు. కానీ మనమే ప్రార్థనలు చేయించేస్తే, జవాబు చెప్పాల్సిన పని పట్టుకెళ్ళినవాళ్ళకు తప్పుతుంది. అదొక్కటే నాకు మింగుడుపడదు. ఈ మాట మీద ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర వంట చేసుకుంటూ నెలల తరబడి సరిగా మాట్లాడుకోలేదు.

గురువు థర్చిన్ గారిని అడిగాను. "బతికున్నవాణ్ణి పిలిస్తే తప్పు లేదు. పోయినవాణ్ణి పిలిస్తే దోషమే. ఉన్నాడో పోయాడో నీకు తెలియదు కదా, మరి ఆ దోషం పిలిచిన గొంతుదే" అన్నారు.

5. కాబట్టి ఆ దోషం నాది. దాన్ని ఎవరికీ రాయడం లేదు, పంచడం లేదు. నేను పోయాక పిలిచేవాళ్ళు ముందుగా "యూడోన్ తరఫున" అని, ఆ తర్వాతే చోఫెల్ పేరు పలకాలి. విడుదల చేయమని అడగాలి, లేదంటే దేహాన్ని చూపించమని అడగాలి. అతను ఇంటికి వచ్చేదాకా, లేదా నోర్జోమ్ కళ్ళతో చూసి నమ్మే రుజువు వచ్చేదాకా ఆపకూడదు. అప్పటికి నేనూ పోయినదాన్నే కాబట్టి నా పేరు పలకడం నాకు మంచిది కాదని తెలుసు. కానివ్వండి. తర్వాతి జన్మకు నాకు తొందరేం లేదు.

6. నాకు ప్రార్థనలు చేయించండి, కానీ ఆ రోజుల్లో బుధవారాలు మానకండి. ప్రార్థనలకు వచ్చినవాళ్ళకు ఉప్పు టీ సరిగా పోయండి. పల్జోర్ ఇంట్లో పోసినట్టు నీళ్ళు పోయకండి.

7. నా పగడాల దండ యాంగ్‌కీకి రాద్దామనుకున్నాను. నిన్న ఈ కాగితం ఆమెకు చదివి వినిపించాను. పిండి పిసుకుతూ వింది. తర్వాత, "సాక్షిగా నేను పెడతాను సంతకం" అంది. వాటా పొందేవాళ్ళు సాక్షి సంతకం పెట్టకూడదని ప్లీడరు చెప్పాడన్నాను. "అయితే దండ నోర్జోమ్‌కు రాసెయ్ వదినా. నీ తరఫున పిలవడానికి నేనూ ఉంటాను, పల్జోర్ అన్న ఒక్కడే అయితే ఆ గొంతు రోడ్డు కూడా దాటదు" అంది.

కాబట్టి దండ నోర్జోమ్‌కు.

బైలకుప్పె, 2023 నవంబరు 9, గురువారం.

(సంతకం) యూడోన్

పై వీలునామాపై యూడోన్ మా ఎదుట సంతకం చేశారు.

సాక్షులు:
థర్చిన్, భిక్షువు, మూడో క్యాంపు మఠం
యాంగ్‌కీ, చోఫెల్ భార్య, మూడో క్యాంపు