సంగీత ఎరుపు గుర్తు వాపసు కోరుతూ

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
ఎర్రమట్టి తండా నివాసి గుగులోతు భద్రు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రాథమిక పాఠశాల నాలుగో తరగతి విద్యార్థిని గుగులోతు సంగీతకు ట్యాబు లెక్కల పరీక్షలో ఇచ్చిన ఆకుపచ్చ గుర్తును రద్దు చేసి, అంతకుముందు ఇచ్చిన ఎరుపు గుర్తును తిరిగి ఇప్పించుట గురించి.

పొరపాటున తిరగేసి వ్రాశానని తమరు అనుకోవద్దు. కోరుతున్నది ఎరుపే. నేను బడికి పోలేదు. తునికాకు కల్లం దగ్గర గుమాస్తా వ్రాస్తుంటే చూసి ముందు అంకెలు, తర్వాత అక్షరాలు నేర్చుకున్నాను. ఏ రోజు లెక్క ఆ రోజు వ్రాసుకుంటాను. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అందువలన తమ ఆఫీసు దాకా వచ్చి కూడా నోటితో చెప్పలేక తిరిగిపోయి, ఇది వ్రాస్తున్నాను.

1. సంగీత నా మనుమరాలు. తల్లీ తండ్రీ మిరపకాయ కోతలకు మధిర వైపు పోయినప్పుడు మా దగ్గర ఉంటుంది. మాకు మేకలు ఉన్నవి. సాయంత్రం అవి అడవి నుండి వచ్చేటప్పుడు సంగీత దొడ్డి తడిక దగ్గర నిలబడుతుంది. ఒక మేక లోపలికి పోతే ఒక చింతగింజ డబ్బాలో వేస్తుంది. అన్నీ పోయిన తర్వాత గింజలను నేల మీద పదేసి కుప్పలుగా పెట్టి లెక్కిస్తుంది. మళ్ళీ చివరి కుప్ప నుండి డబ్బాలోకి వేస్తూ లెక్కిస్తుంది. రెండూ కలిస్తేనే నోరు తెరుస్తుంది. కలవకముందు చెప్పవద్దని నేర్పినది నేనే. ఒక్క మేక బయట ఉండిపోయినా మా అడవిలో రేచుకుక్కలు తెల్లవారనివ్వవు.

2. గత డిసెంబరులో బడిలో ట్యాబులతో లెక్కల పరీక్ష పెట్టినారు. ప్రశ్న తెర మీద వస్తుంది. కింద నాలుగు జవాబులు ఉంటవి. ఒకదానిని వేలితో నొక్కవలెను. అర నిమిషంలో నొక్కకపోతే ఆ ప్రశ్న దానంతట అదే పోయి ఇంకొకటి వస్తుంది. సంగీత తన గింజలు వెంట తీసుకుపోయినది. తెర మీది కూడికను నేల మీద పెట్టి కలిపినది. సరిచూచుటకు వెనక నుండి మొదలుపెట్టినది. తల ఎత్తేసరికి ప్రశ్న లేదు. రెండో ప్రశ్నకూ అంతే. చివరి వరకూ అంతే. ట్యాబు ఆమె పేరు పక్కన ఎరుపు పెట్టి, "అంకెల పరిజ్ఞానం లేదు" అని తేల్చినది.

3. ఎరుపు వచ్చిన పిల్లలను ఒకటో తరగతి చాప మీద కూర్చోబెట్టవలెనని ఉత్తర్వు. కూర్చున్నది. ఒకటి, రెండు అని చెప్పించినారు. చెప్పినది. నేను పోయి సుబ్బరత్నం మేడం గారిని అడిగినాను.

"మేడం, మా పిల్లకు లెక్కలు రావా?"

"ఎందుకు రావు తాతా! మధ్యాహ్నం అన్నం పళ్ళాలు లెక్కపెట్టేది మీ పిల్లే."

"మరి ఎరుపెందుకొచ్చింది?"

"లేటైంది తాతా. ట్యాబుకి లేటైతే రానట్టే. ఏదో ఒకటి నొక్కితే, తెలియకపోయినా ఎప్పుడన్నా తగులుద్ది. నొక్కకపోతే ఏదీ తగలదు."

"గట్లయితే లెక్కపెట్టినోళ్ళకంటే పెట్టనోళ్ళే నయమా?"

బడికి ఎరుపులు ఎక్కువైనవని మేడం గారికి కూడా సంజాయిషీ నోటీసు వచ్చినదని తర్వాత తెలిసినది. ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు.

4. ఫిబ్రవరిలో పరీక్ష మళ్ళీ పెట్టినారు. ఈలోపల రోజూ సాధన. "ఖాళీ వదలొద్దు, జల్దీ నొక్కండి" అనేదే పాఠం. గింజలు సంచిలో నుండి తీయించినారు. సంగీతకు ఆకుపచ్చ వచ్చినది. "గణనీయమైన మెరుగుదల" అని తమ సంతకంతో కాగితం కూడా వచ్చినది. నా భార్య చాంది దానిని గోడకు అంటించమన్నది. అంటించినాను. సంతోషపడినాను కూడా. అది దాచను.

5. ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను పొలం నుండి వచ్చి, అన్నీ వచ్చినవా అని అడిగితే, సంగీత అన్నీ వచ్చినయ్ అన్నది. ఆమె మాట మీద ఏనాడూ రెండోసారి చూడలేదు. తడిక కట్టినాను. తెల్లవారి చూస్తే చూడి మేక లేదు. వాగు అవతల దొరికినది. దొరికినది ఏమిటో వ్రాయను. మేం ఇంట్లో మా లంబాడీ మాటలో మాట్లాడుకున్నది తెలుగులో ఇది (దాదా అంటే తాత):

"నిన్న గింజలు ఎయ్యలేదా బిడ్డా?"

"లేదు దాదా."

"ఎందుకెయ్యలే?"

"లెక్కపెడితే లేటైతది."

"లేటైతే ఏంది?"

"ఎరుపొస్తది."

అయ్యా, మేకకు నష్టపరిహారం అడుగుట లేదు. పిల్లను కొట్టలేదు, తిట్టలేదు. ఆకుపచ్చ వచ్చిన పిల్లను ఏమని తిట్టవలెనో నాకు తెలియలేదు.

6. కావున కోరునది. పిల్ల లెక్కపెట్టి, సరిచూచుకొని, తల ఎత్తేవరకు ప్రశ్న పోకుండా ఉండే ఏర్పాటు చేయగలరు. ఆ ట్యాబుకు అంత ఓపిక లేనిచో కాగితం మీద పెట్టగలరు. రెండూ వీలుకానిచో మా ఎరుపు మాకు ఇప్పించగలరు. సంగీత మళ్ళీ ఒకటో తరగతి చాప మీద కూర్చుంటుంది. అక్కడ గింజలు పెట్టుకొనుటకు నేల అయినా ఉంటుంది.

తొందర లేకుండా, వీలైతే రెండుసార్లు చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుగులోతు భద్రు
(మెరుగుపడిన విద్యార్థిని తాత)

జతపరచినది: తమరు పంపిన ఆకుపచ్చ కాగితం. గోడ నుండి ఊడదీసినందున ఒక మూల చిరిగినది.

తా.క.: ఇది ముగించేసరికి మేకలు వచ్చినవి. సంగీత నేను చెప్పకుండానే డబ్బా పట్టుకొని తడిక దగ్గరకు పోయినది. అక్కడ నిలబడి, "దాదా, జల్దీ చెప్పాల్నా, సరిగ్గ చెప్పాల్నా?" అని అడుగుతున్నది. సరిగ్గా అని నేను అంటాను. రేపు బడిలో ఏమనవలెనో తమరు రాతమూలకంగా తెలియజేయగలరు. మేకలు తడిక బయట నిలబడి ఉన్నవి.